బంగారు కాసు మీద బొమ్మ ఎవరిది?



చక్రవర్తికి పన్ను కట్టవచ్చునా, కూడదా అన్న ప్రశ్నతో ప్రభువును మాటలో చిక్కించుకోవాలని పరిసయ్యులు వచ్చిన ఘట్టం (మత్తయి 22: 15-22) మీకందరికీ తెలిసిందే. ప్రభువు వారి చేతే ఒక నాణెం తెప్పించి, దాని మీద ఉన్న రూపం ఎవరిదని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ సువిశేషం వచ్చిన ఆదివారం నేను జేబులోనుంచి ఐదు రూపాయల బిళ్ళ తీసి, పైకెత్తి చూపిస్తూ ప్రసంగం చేశాను. పూజ ముగిసి బయటకు వస్తుంటే సత్యోపదేశం క్లాసుకు వచ్చే పిల్లవాడొకడు గుడి మెట్ల మీద నన్ను ఆపాడు.

“ఫాదర్‌గారూ, ఏసుప్రభువు బొమ్మ ఏ దేశం డబ్బుల మీదా వేయలేదా?” అన్నాడు.

“ఎందుకు వేయలేదు? వందల ఏళ్ళపాటు వేశారు. అదీ బంగారు కాసుల మీద” అన్నాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించి, “మరి ఆ డబ్బు ఎవరికివ్వాలి? చక్రవర్తికా, దేవునికా?” అన్నాడు.

పిల్లవాడి ప్రశ్న అని తేలిగ్గా తీసుకోకండి. 3వ శతాబ్దపు ఆరంభంలో ఆఫ్రికాలోని కార్తేజులో రచనలు చేసిన తెర్తుల్లియను ఈ సువిశేషాన్ని వివరిస్తూ, నాణెం మీద చక్రవర్తి రూపం ఉంది కనుక నాణెం చక్రవర్తికి, మనిషిలో దేవుని రూపం ఉంది కనుక మనిషి దేవునికి చెందాలని చెప్పాడు. ఈనాటికీ మా గురువుల ప్రసంగాలలో సగం ఆ వివరణ మీదే నడుస్తాయి. నాణెం మీద ఉన్నది క్రీస్తు ముఖమే అయినప్పుడు ఈ పంపకం ఎలా కుదురుతుంది? మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదు గనుక ఈ వారం ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాను.

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సుమారు 309లో ఒక కొత్త బంగారు నాణెం ప్రారంభించాడు. ఒక రోమా పౌను బంగారానికి 72 కాసులు. అంటే ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు, మన లెక్కలో అర సవరకు కొంచెం ఎక్కువ. మన కంసాలులు గురివింద గింజతో తూచినట్టే వాళ్ళు కేరబ్ చెట్టు గింజతో తూచేవారు. ఒక కాసు 24 గింజల ఎత్తు. గ్రీకులో ఆ గింజను ‘కెరాతియోన్’ అంటారు. బంగారం కొట్లో మీరు వినే ‘కారెట్’ అన్న మాటకు అదే పుట్టిల్లు.

330లో ఆ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌ను (ఈనాటి ఇస్తాంబుల్) రాజధానిగా ప్రతిష్ఠించాడు. అక్కడినుండి 1453 వరకు సాగిన తూర్పు రోమా రాజ్యాన్నే చరిత్రకారులు బైజాంటియం సామ్రాజ్యం అంటారు. అక్కడి ప్రజలు మాత్రం చివరిదాకా తమను రోమీయులమనే చెప్పుకున్నారు. వారి బంగారు కాసును లాతీనులో ‘సోలిదుస్’, గ్రీకులో ‘నోమిస్మ’ అనేవారు. గ్రీకులో ‘నోమోస్’ అంటే చట్టం. డబ్బుకు విలువ ప్రకృతి వలన కాక మనుషుల కట్టుబాటు వలన వస్తుంది గనుకనే దానికి ఆ పేరు వచ్చిందని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో రాశాడు. సెమినరీలో మా ప్రొఫెసరుగారు ఈ ఒక్క మాట మీద గంటసేపు చెప్పారు. అప్పుడు ఆవులించాను. ఆయన శ్రమ ఇన్నేళ్ళకు ఫలించింది.

మన నేలకు ఈ కాసులతో చుట్టరికం ఉంది. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన కోస్మాస్ అనే క్రైస్తవ వర్తకుడు మలబారులోనూ సింహళంలోనూ క్రైస్తవులున్నారని రాశాడు. ఆయనే ఒక ముచ్చట కూడా చెప్పాడు. సింహళ రాజు కొలువులో ఒక పారశీకుడు, సోపాత్రోస్ అనే రోమా వర్తకుడు కలిశారట. మీ ఇద్దరి రాజులలో ఎవరు గొప్ప అని రాజు అడిగాడట. పారశీకుడు తన రాజును పొగడ్తలతో ముంచెత్తాడు. సోపాత్రోస్ మాత్రం ఇద్దరు రాజులూ ఇక్కడే ఉన్నారు, మీరే చూసుకోండని రెండు నాణేలు తెప్పించాడు. పారశీకులది వెండి, రోమీయులది మేలిమి బంగారం. ఇక మాట్లాడవలసింది లేకపోయింది. కర్ణాటకలోని అక్కి ఆలూరులోనూ, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా వీపనగండ్లలోనూ ఇటువంటి బంగారు కాసులు భూమిలో దొరికాయి. దక్షిణాదిలో దొరికిన చాలా కాసులకు చక్రవర్తి తలకు పైన జంట రంధ్రాలు కనిపిస్తాయి. దారానికి గుచ్చి మెడలో వేసుకున్నారన్నమాట. కాన్‌స్టాంటినోపుల్‌లో ఎవరి ముందు అందరూ సాగిలపడేవారో ఆయన ఇక్కడ కాసులపేరులో ఒక బిళ్ళ అయ్యాడు.

ఇక బొమ్మల సంగతికి వద్దాం. మన పిల్లలు నాణెం ఎగరేసి ‘బొమ్మా బొరుసా’ అంటారు గదా. మొదట్లో బొమ్మ వైపు ఎప్పుడూ చక్రవర్తే. మార్పులన్నీ బొరుసు వైపు జరిగాయి. పూర్వం అక్కడ రెక్కలున్న విజయ దేవత ఉండేది. మొదటి జస్టిన్ కాలంలో (518-527) ఆ స్త్రీమూర్తి స్థానంలో సిలువ పట్టుకున్న దేవదూత వచ్చాడు. రెండవ టిబేరియసు (578-582) మెట్ల మీద నిలిపిన సిలువను వేయించాడు. ఆ మెట్లు కల్వరి కొండకు గుర్తు. 614లో పారశీకులు యెరూషలేమును కొల్లగొట్టి నిజ సిలువను ఎత్తుకుపోయారు. హెరాక్లియసు చక్రవర్తి వారిని ఓడించి 630లో దానిని తిరిగి యెరూషలేముకు చేర్చాడు. ఏటా సెప్టెంబరు 14న మనం సిలువ విజయోత్సవం జరుపుకునేటప్పుడు ఈ సంఘటనను కూడా తలచుకుంటాం. అతని కాసు మీద ఒక వైపు అతడు, కుమారులు. రెండవ వైపు మెట్ల మీద సిలువ. సిలువ ఎంత ఘనమైనదైనా ఉన్నది బొరుసు వైపే.

బొమ్మ వైపుకు క్రీస్తు వచ్చింది సుమారు 692లో, రెండవ జస్టీనియను హయాంలో. పొడుగు జుట్టు, నిండు గడ్డం, శిరస్సు వెనుక సిలువ, ఒక చేత సువిశేష గ్రంథం, ఒక చేత ఆశీర్వాదం. సీనాయి కొండ మీద పునీత కతేరీనమ్మ మఠంలో ఉన్న ప్రాచీన క్రీస్తు పటాన్ని చూసినవారికి ఈ ముఖం వెంటనే గుర్తుకు వస్తుంది. చుట్టూ లాతీనులో ఏలికలను ఏలే క్రీస్తు అన్న అర్థం వచ్చే అక్షరాలు. తిప్పి చూస్తే చక్రవర్తి సిలువ పట్టుకుని నిలబడి ఉంటాడు. అతని బిరుదు ‘క్రీస్తు సేవకుడు’. మూడున్నర శతాబ్దాలకు పైగా నాణెం ముందువైపు కూర్చున్న చక్రవర్తి తానే లేచి వెనక్కు వెళ్ళి నిలబడ్డాడు. అదే రోజులలో ఆయన సమావేశపరచిన మహాసభ, క్రీస్తును గొఱ్ఱెపిల్లగా కాక మనుష్య రూపంలోనే చిత్రించాలని కట్టడ చేసింది. వాక్కు శరీరధారి అయినప్పుడు ముఖం కూడా ధరించాడు గదా అన్నది అందులోని తర్కం.

ఎంత చక్కని సంగతి అనుకుంటున్నారా? ఆ సేవకుడు చేసిన పనులు కూడా వినండి. ఆ సభ తీర్మానాలలో కొన్నింటిని ఒప్పుకోలేక పరిశుద్ధ పాపుగారు మొదటి సెర్జియసు సంతకం చేయలేదు. ఆయనను బంధించి తెమ్మని జస్టీనియను జకరియా అనే అధికారిని రోమాకు పంపాడు. ఇటలీ సైనికులు పాపుగారి పక్షాన కదలి వచ్చేసరికి ఆ అధికారి ప్రాణభయంతో పాపుగారి మంచం కిందనే దూరాడని రోమా పాపుల చరిత్ర చెబుతుంది. ఆయనను కాపాడింది కూడా పాపుగారే. 695లో ప్రజలు తిరగబడి జస్టీనియను ముక్కు కోసి వెళ్ళగొట్టారు. తరువాతి చక్రవర్తులు కాసు మీదనుంచి క్రీస్తును తీసేసి మళ్ళీ తామే బొమ్మ వైపు కూర్చున్నారు. పదేళ్ళకు జస్టీనియను తిరిగి వచ్చి, తన సింహాసనమెక్కిన ఇద్దరినీ గుఱ్ఱపు పందాల మైదానంలో నేల మీద పడవేయించి, మెడల మీద కాళ్ళు పెట్టుకుని ఆటలు చూసి, తరువాత చంపించాడు. కాసు మీదకు క్రీస్తు మళ్ళీ వచ్చాడు, ఈసారి పొట్టి ఉంగరాల జుట్టుతో. 711లో జస్టీనియనునూ చంపేశారు. ఆ బిరుదు చెక్కించినప్పుడు అతని మనసులో భక్తి లేదని నేను అనను. మనసులో భక్తి ఉన్నవాడు కూడా ఇంత పని చేయగలడన్నదే నాకు భయం కలిగించే విషయం.

ఇదే కాలంలో డమాస్కసులో ఖలీఫా అబ్దుల్ మాలిక్ 696-97లో తన బంగారు దీనారు మీద ఏ మనిషి రూపమూ లేకుండా అరబ్బీ అక్షరాలు మాత్రమే వేయించాడు. అంతకుముందు అక్కడ హెరాక్లియసు కాసునే నమూనాగా తీసుకుని, సిలువ అడ్డుకొయ్య తీసేసి, మెట్ల మీద ఒట్టి స్తంభం మిగిల్చిన నాణేలు కూడా వేశారు.

తరువాత వచ్చినది పటాల విధ్వంసం. మూడవ లియో (717-741), అతని కుమారుడు ఐదవ కాన్‌స్టాంటైన్ (741-775) పవిత్ర పటాలకు వందనం చేయడం విగ్రహారాధన అన్నారు. ‘మీరు స్వరూపాలకు మొక్కుతారేమిటి?’ అని మన చుట్టాలే మనలను అడిగే రోజులు గనుక ఈ భాగం శ్రద్ధగా చదవండి. ఆ కాలపు కాసులు చూడండి. ఒక వైపు కాన్‌స్టాంటైన్, అతని కొడుకు. రెండవ వైపు చనిపోయిన తండ్రి లియో. ప్రభువు ముఖం పనికిరాదన్నవారికి తాత, తండ్రి, మనవల ముఖాలు మాత్రం పనికివచ్చాయి.

ఆ చక్రవర్తి ఎదుటికి చిన్న స్తెఫాను అనే సన్యాసిని తీసుకువచ్చారు. ఆయన జీవిత చరిత్ర ప్రకారం, ఆయన ఒక కాసు చూపించి ఇది ఎవరి రూపమని అడిగాడు. చక్రవర్తిది అన్నారు. దీనిని తొక్కితే శిక్ష ఉందా అని అడిగాడు. ఉందన్నారు. వెంటనే ఆయన దానిని నేల మీద పడవేసి కాలితో తొక్కాడు. చక్రవర్తి బొమ్మను తొక్కడం నేరమైతే, క్రీస్తు బొమ్మను, దేవమాత బొమ్మను తొక్కి కాల్చినవారి సంగతి ఏమిటని నిలదీశాడు. చెరసాల పాలయ్యాడు. 765 ప్రాంతంలో రాజధాని వీధులలో ఆయనను ఈడ్చి చంపారు. నవంబరు 28న శ్రీసభ ఆయనను స్మరిస్తుంది.

స్తెఫాను చేసినది దుడుకు పని కాదు, మంచి తత్వశాస్త్రం. రూపానికి చేసిన గౌరవం ఆ రూపం ఎవరిదో వారికి చెందుతుందని 4వ శతాబ్దంలోనే పునీత బసిలు రాశారు. ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా చక్రవర్తి పటమే. పటాన్ని చూసి చక్రవర్తి అంటాం, అంతమాత్రాన ఇద్దరు చక్రవర్తులు అయిపోరు. 787లో ద్వితీయ నైసియా మహాసభ ఈ మాట మీదే నిలబడి, ఆరాధన దేవునికి మాత్రమే, పటాలకు చేసేది గౌరవ వందనం అని తేల్చింది. ఇంట్లో పోయిన నాన్నగారి ఫొటోకు దండ వేసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ మహాసభను పిలిపించినది ఐరీను మహారాణి. శ్రీసభ ఆమెకు ఋణపడి ఉంది. అదే ఐరీను 797లో కన్నకొడుకు కళ్ళు పీకించి సింహాసనమెక్కి, బంగారు కాసుకు బొమ్మ వైపూ తన ముఖమే, బొరుసు వైపూ తన ముఖమే వేయించుకుంది.

పటాలు శాశ్వతంగా తిరిగి వచ్చినది 843లో, థియోడొరా మహారాణి తన చిన్నకొడుకు మూడవ మిఖాయేలు పేర పాలిస్తున్నప్పుడు. అప్పుడు టంకశాల పనివాళ్ళు నూటయాభై ఏళ్ళనాటి జస్టీనియను కాసు చూసి అదే క్రీస్తు ముఖం మళ్ళీ చెక్కారు. ఈసారి వచ్చిన క్రీస్తు వెళ్ళలేదు. ఆరవ లియో (886-912) కాసు మీద చేతులు చాచి ప్రార్థిస్తున్న మరియమాత తొలిసారి కనిపించింది.

ఇక్కడినుండి బొమ్మల భాష సూక్ష్మంగా మారుతుంది. 969 డిసెంబరులో జాన్ త్సిమిస్కెస్ అనే సేనాని, నిదురపోతున్న చక్రవర్తిని పడకగదిలో చంపించి రాజయ్యాడు. పితృపాదులు పొలియూక్టోస్ ఆయనను ప్రాయశ్చిత్తం చేసేదాకా గుడిలోనికి రానివ్వలేదు. అతని బంగారు కాసు మీద మాత్రం మరియమాత స్వయంగా కిరీటం పెడుతున్నారు, పైన దేవుని హస్తం దీవిస్తున్నది. హంతకుని కిరీటానికి ఇంతకంటె గొప్ప సాక్షులెవరు దొరుకుతారు? న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే జాన్ కాలంలో పేదవాడి చేతిలో ఆడే రాగి నాణేల మీద చక్రవర్తి పేరూ బొమ్మా మాయమై, ఒక వైపు క్రీస్తు ముఖమూ, రెండవ వైపు ఆయన పేరూ మాత్రమే నిలిచాయి. ఆ పద్ధతి 1092 వరకు సాగింది. మొదటి ఐజాక్ కొమ్నెనోస్ (1057-1059) తన కాసు మీద కత్తి దూసిన చేతితో నిలబడితే జనం తప్పు పట్టారు, రాజ్యం దేవుడిచ్చినది కాదు, తన కత్తి ఇచ్చినదని చెప్పుకుంటున్నాడని. ప్రజలు కాసును చదివేవారు.

ఇంతవరకు బొమ్మ గురించి చెప్పాను. ఇక లోహం గురించి చెప్పాలి. ఏడు వందల ఏళ్ళు ఇంచుమించు మేలిమిగా నిలిచిన ఆ బంగారం 11వ శతాబ్దంలో చెడింది. తొమ్మిదవ కాన్‌స్టాంటైన్ మొనొమాకోస్ (1042-1055) రోజులలో 24 కారెట్ల కాసు సుమారు 18 కారెట్లకు దిగింది. ఇరవై ఏళ్ళ తరువాత ఏడవ మిఖాయేలుకు ప్రజలు ‘పావు తక్కువ’ అని పేరు పెట్టారు. అతని కాలంలో ఒక కాసుకు కొలత గోధుమలు రావలసింది పావు వంతు తగ్గి వచ్చేవి. 1080ల చివరికి ఆ కాసులో బంగారం పేరుకే మిగిలింది. ఈ కాలమంతా బొమ్మ వైపు క్రీస్తు అలాగే కూర్చున్నాడు. అదే సింహాసనం, అదే సువిశేష గ్రంథం, అదే ఆశీర్వాదం. ముఖాన్ని చూసి కాసు తీసుకున్న కూలివాడు మోసపోయాడు. చక్రవర్తి బొమ్మ వేసి కల్తీ చేస్తే అది చక్రవర్తి మోసం. ఆ అబద్ధం మీద క్రీస్తు ముఖం ముద్ర వేస్తే దానినేమనాలి? పటాలను తగలబెట్టినవారి పాపం గురించి మహాసభలు జరిగాయి. దీని గురించి జరగలేదు.

అలెక్సియోస్ కొమ్నెనోస్ 1081లో రాజయ్యేనాటికి ఖజానా ఖాళీ, నార్మన్ సైన్యం సరిహద్దులో ఉంది. ఆయన దేవాలయాల వెండి బంగారు వస్తువులను, పవిత్ర చిత్రాలున్న తలుపుల తొడుగులతో సహా, కరిగించి సైన్యానికి జీతాలిచ్చాడు. కాల్సిడోను మేత్రాణులు లియో ఎదురు తిరిగారు. క్రీస్తు రూపం చెక్కిన వెండిని కరిగించడం క్రీస్తును అవమానించడమే అన్నారు. వాదం చాలా ఏళ్ళు నడిచింది. వందనం రూపానికే గాని అది నిలిచిన లోహానికి కాదని, రూపం పోయాక లోహం లోహమేనని సభ తేల్చింది. మేత్రాణులవారు ఆ నిర్ణయానికి ఒప్పుకుని సమాధానపడ్డారు. సిద్ధాంతం రీత్యా సభ మాటే సరి. అయినా గుడి వెండి కరుగుతుంటే నోరు మూసుకోలేకపోయిన ఆ మేత్రాణులవారంటే నాకు అభిమానం. 1092లో అలెక్సియోస్ ఇరవైన్నర కారెట్ల కొత్త కాసు తెచ్చాడు. దాని పేరు ‘హైపర్‌పైరోన్’, అంటే బాగా పుటం పెట్టినది అని. అది కొద్దిగా దొప్పలా వంగి ఉండేది. ఇప్పటి 916 నగ కంటె తక్కువే అయినా, దానితో బజారులో మాట నిలబడింది.

1204లో పడమటి క్రైస్తవ సైన్యం, సిలువ గుర్తు ధరించినవారే, కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. 2001లో పునీత రెండవ జాన్‌పాల్ పాపుగారు ఏథెన్సులో దాని గురించి విచారం వెలిబుచ్చారు. 1261లో నగరాన్ని తిరిగి పొందిన ఎనిమిదవ మిఖాయేలు కాసు చూడదగినది. ఒక వైపు కోట గోడల నడుమ చేతులు చాచి ప్రార్థించే మరియమాత. రెండవ వైపు క్రీస్తు ముందు మోకరించిన చక్రవర్తి. నిలబడినవాడు మోకాళ్ళ మీదకు వచ్చాడు. బంగారం మాత్రం 15 కారెట్లకు వచ్చింది. 1350ల తరువాత అక్కడ బంగారు కాసే లేదు. ఆనాటికి లోకమంతా వెనీసు నగరపు డుకాటు నడుస్తున్నది. దాని మీద కూడా ఒక వైపు క్రీస్తే.

పోయిన ఆదివారం ఆ పిల్లవాడికి ఒక పుస్తకంలో బొమ్మ చూపించాను. కాన్‌స్టాంటినోపుల్‌లోని హాగియా సోఫియా మహాదేవాలయం, 2020 నుండి మళ్ళీ మసీదుగా ఉంది. దాని పై అంతస్తు గోడ మీద రంగురాళ్ళ చిత్రం ఒకటి నిలిచి ఉంది. మధ్యలో సింహాసనం మీద క్రీస్తు, కుడిచేయి ఆశీర్వదిస్తూ. ఒక పక్క జోయీ మహారాణి. మరో పక్క ఆమె మూడవ భర్త తొమ్మిదవ కాన్‌స్టాంటైన్. మొదట అక్కడ వేరే భర్త ముఖం ఉండేది, తీసి ఇతనిది పెట్టారు. అతని చేతులలో మూతి కట్టిన సంచి ఉంది. పండుగ రోజులలో చక్రవర్తి బలిపీఠం మీద పెట్టే బంగారు కాసుల సంచి అది. ప్రతి కాసు మీదా క్రీస్తు ముఖం, ఆ సంచి అందుకోవలసినవాడూ క్రీస్తే.

“నువ్వడిగిన డబ్బు ఎవరికివ్వాలో ఇతను చూపిస్తున్నాడు” అన్నాను. కాసులో పావు వంతు బంగారం తగ్గించినవాడు ఇతనేనని కూడా చెప్పాను.

వాడు సంచి మీద వేలు పెట్టి, “ఇందులో పెట్టినవి పాతవా, కొత్తవా ఫాదర్‌గారూ?” అన్నాడు.